డ్రైవర్ కోడ్‌కు పట్టిన చీడకు కాక్సినెల్: సమీక్ష

కాక్సినెల్ అంటే ఫ్రెంచిలో అక్షింతల పురుగు. పేనుబంకను తిని పైరును కాపాడే ఆ పురుగు పేరు, సీ కోడ్‌లో తప్పుల నమూనాలను వెతికి దిద్దే ఈ పనిముట్టుకు అచ్చంగా సరిపోయింది. జూలియా లావాల్ బృందం దీన్ని ఓకామల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. లినక్స్ డ్రైవర్లను శుభ్రం చేయాలనుకునేవారు ముందు దీన్నే నేర్చుకోవాలి.

గ్రెప్, సెడ్ అనే కమాండ్లు అక్షరాలను వెతుకుతాయి. ఇది సీ కోడ్ నిర్మాణాన్ని చూస్తుంది కాబట్టి వేరియబుల్ పేరు ఏదైనా, లైను ఎక్కడ విరిగినా దొరికిపోతుంది. ఉదాహరణకు, మెమరీని విడుదల చేసే కెర్నెల్ ఫంక్షన్ కేఫ్రీకి నల్ (ఖాళీ పాయింటర్) ఇచ్చినా ప్రమాదం లేదు. అందుకే దానికి ముందు పెట్టే నల్ తనిఖీ దండగ, దాన్ని 'ఇఫ్‌నల్‌ఫ్రీ' స్క్రిప్ట్ ఏరేస్తుంది. నా దృష్టిలో అంతకంటే విలువైనది 'ఫర్ ఈచ్ చైల్డ్'. డివైస్ ట్రీ (హార్డ్‌వేర్ వివరాల చెట్టు) నోడ్‌ల లూప్ మధ్యలోంచి రిటర్న్ అయ్యేచోట నోడ్‌ను వదిలే 'నోడ్ పుట్' మరిచిపోతే, ఆ నోడ్ ఎన్నిచోట్ల వాడకంలో ఉందో చెప్పే రిఫరెన్స్ లెక్క తగ్గకుండా ఉండిపోతుంది. కంటితో చదివితే ఇది ఇట్టే జారిపోతుంది.

ఉబుంటు, డెబియన్‌లలో ప్యాకేజీగానే దొరుకుతుంది. కెర్నెల్ సోర్స్ పై ఫోల్డర్‌లో ఈ స్క్రిప్టులను నడిపే 'మేక్ కాక్సిచెక్' కమాండ్ నడపండి. మొదట తప్పులు చూపే రిపోర్ట్ మోడ్, ఆ తర్వాతే దిద్దుబాటు ఇచ్చే ప్యాచ్ మోడ్. ఆ కమాండ్‌లో 'ఎమ్'కు ఒక్క డ్రైవర్ ఫోల్డర్, 'కాక్సి'కి ఒక్క స్క్రిప్ట్ ఇవ్వండి. లేకపోతే స్క్రిప్టులన్నీ వరసగా నడిచి చాలాసేపు పడుతుంది.

అసలు లోపం దాని మౌనం. మాక్రోల వల్ల అర్థంకాని ఫంక్షన్‌ను వదిలేసి ముందుకు పోతుంది. కాక్సిచెక్ దాన్ని సద్దు చేయకుండా నడుపుతుంది కనుక ఆ సంగతి తెరమీద కనబడదు. ఫలితం ఖాళీగా వచ్చిందంటే కోడ్ శుభ్రమని కాదు. 'డీబగ్ ఫైల్' ఇచ్చి అందులో చూడండి, అనుమానం ఉన్న ఫైలును కాక్సినెల్ అసలు కమాండ్ అయిన స్పాచ్‌కు 'పార్స్ సీ' ఆప్షన్‌తో ఇవ్వండి.

రెండో ప్రమాదం డెవ్ఎమ్ మార్పిడి, అంటే వనరులను కెర్నెల్ తానే విడుదల చేసే పద్ధతికి మారడం. ఇంటరప్ట్‌ను కోరే పాత రిక్వెస్ట్ ఐఆర్‌క్యూను డెవ్ఎమ్ రకంలోకి మార్చే సెమాంటిక్ ప్యాచ్ (కాక్సినెల్‌కు ఇచ్చే మార్పు సూత్రం) నాలుగు లైన్లలో రాసేయొచ్చు. కానీ డెవ్ఎమ్ వనరులు, డ్రైవర్‌ను తీసేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్ ముగిశాకే, తీసుకున్న వరసకు తలకిందులుగా విడుదలవుతాయి. రిమూవ్‌లో బఫర్‌ను చేతితో కేఫ్రీ చేస్తే, ఇంకా బతికే ఉన్న ఇంటరప్ట్ హ్యాండ్లర్ ఆ విడిచిన మెమరీనే తాకుతుంది. ఈ వరసను పనిముట్టు చూడదు, మనమే చూడాలి. బఫర్‌నూ డెవ్ఎమ్‌లోకి, ఐఆర్‌క్యూ కంటే ముందు తెచ్చుకోవాలి, లేదా రెండింటినీ పాత పద్ధతిలోనే ఉంచాలి.

ప్యాచ్ పంపేటప్పుడు వాడిన సెమాంటిక్ ప్యాచ్‌ను కమిట్ సందేశంలో చేర్చండి. ఆ కోడ్ బాధ్యత చూసే మెయింటైనర్ దాన్ని తన ట్రీలో తానే నడిపి చూసుకోగలరు.