గండికోట నుంచి యాగంటి దాకా: నడక దారిలో ఏ స్టవ్ మేలు?

వీపు సంచిలో పెట్టుకునే చిన్న స్టవ్ కొనేటప్పుడు అందరూ ముందు దాని బరువే చూస్తారు. మన సీమలో నడిచేవాళ్లు అంతకంటే ముందు రెండు సంగతులు చూసుకోవాలి. దారిలో గాలి ఎలా ఉంటుంది, ఇంధనం ఎక్కడ దొరుకుతుంది. సంక్రాంతికి ముందు నేనూ మా బావమరిదీ గండికోటలో బయలుదేరి జమ్మలమడుగు, బెలుం, అవుకు, బనగానపల్లె మీదుగా యాగంటి చేరాం. సుమారు వంద కిలోమీటర్ల దారి. గ్యాస్ స్టవ్ ఒకటి, స్పిరిట్ (ఆల్కహాల్) పోసి వెలిగించే స్టవ్ ఒకటి వెంట తీసుకెళ్లాం.

గండికోటలో గది కావాలంటే టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది. శని, ఆదివారాలైతే ముందే బుక్ చేసుకోవాలి. మేం అద్దె టెంట్‌లో పడుకున్నాం. టెంట్ ఇచ్చినతను రాత్రి భోజనానికి కూడా కలిపి డబ్బు తీసుకున్నాడు. తీరా అన్నం వచ్చేసరికి పూర్తిగా చల్లారిపోయింది, పప్పు అడుగంటిన వాసన. టెంట్‌కు వేరుగా, తిండికి వేరుగా మాట్లాడుకోవడం మంచిది. కోట లోపల, మాధవరాయ ఆలయం, జామియా మసీదు చుట్టుపక్కల మాత్రం ఏ స్టవ్వూ వెలిగించకండి. అవి రక్షిత కట్టడాలు.

తెల్లవారుజామున టెంట్ల దగ్గరే టీ పెట్టాం. పెన్నా లోయ మీది నుంచి గాలి ఆగకుండా కొడుతోంది. గ్యాస్ స్టవ్ 25 గ్రాముల టైటానియంది, అరచేతిలో ఇమిడిపోతుంది. దాని మంట గిన్నె కిందికి చేరకుండా ఒక పక్కకు వాలిపోయింది. గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు వస్తున్నాయి తప్ప నీళ్లు తెర్లడం లేదు. బర్నర్ తల చిన్నదైతే గాలికి నిలవదు. దాని బదులు తల వెడల్పుగా, కొంచెం గుంటగా ఉండి, 70, 80 గ్రాములు తూగే బర్నర్ కొనుక్కోండి. ఆ యాభై గ్రాములు ఎక్కువ మోసినా, గ్యాస్ ఆదా రూపంలో తిరిగొస్తాయి.

పరిష్కారం కొలిమిగుండ్ల దగ్గర దొరికింది. అక్కడంతా నాపరాయి గనులే. రోడ్డు పక్కన పలకల ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. ఒక పలకను కింద పరిచి, మూడు పలకలను మూడు వైపులా నిలబెట్టి, నాలుగో వైపు తెరిచి ఉంచాం. అదే బర్నర్ మీద నీళ్లు గలగలా మరిగాయి. నాలుగు వైపులా మూసేస్తే మాత్రం ప్రమాదం. వేడి కిందికి తిరిగి గ్యాస్ డబ్బా కాగుతుంది, పేలనూ వచ్చు. మధ్య మధ్యలో డబ్బాను చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉన్నా వెంటనే ఆపేయాలి. టెంట్ లోపల అసలే వద్దు, మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇక లెక్క. 230 గ్రాముల గ్యాస్ ఉన్న డబ్బా, ఇనుముతో కలిపి 380 గ్రాముల దాకా తూగుతుంది. గాలి లేకపోతే లీటరు నీళ్లు మరగడానికి 12 నుంచి 15 గ్రాముల గ్యాస్ చాలు. పొద్దున టీ, సాయంత్రం రవ్వ ఉప్మా, ఇద్దరికి రోజుకు లీటరున్నర అనుకుంటే ఒక్క డబ్బా వారం దాటి వస్తుంది. స్పిరిట్ స్టవ్ ఇంకా తేలిక, చప్పుడుండదు, చెడిపోయే భాగం ఒక్కటీ లేదు. కానీ లీటరు నీళ్లకు 35 మిల్లీలీటర్ల దాకా పడుతుంది, మంట తగ్గించడం కుదరదు. పగటి వెలుగులో ఆ మంట కంటికి కనబడదు కూడా, ఆరిపోయిందనుకుని మళ్లీ పోస్తే చెయ్యి కాలుతుంది. నేరుగా ముట్టించే ఘన ఇంధనం, హెక్సామిన్ బిళ్లలు అత్యవసరానికి బాగుంటాయి గానీ గిన్నెకు జిగట మసి పడుతుంది. పెట్రోలు స్టవ్ ఈ నడకకు బరువెక్కువ.

స్టవ్‌కు మర తిప్పి బిగించే గ్యాస్ డబ్బాలు దారిలోని ఊళ్లలో దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి. బెంగళూరు ట్రెక్కింగ్ షాపుల్లో గానీ ఆన్‌లైన్లో గానీ కొనుక్కోవాలి. రైల్లో, విమానంలో తీసుకెళ్లనివ్వరు. మేం కర్నూలు నుంచి సొంత కారులో వచ్చాం, మా తమ్ముడు దించి వెళ్లాడు. బస్సులో వచ్చేవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

బెలుంలోనూ హరిత వాళ్ల బస ఉంది, గుహలకు దగ్గర. నడిచి నడిచి వచ్చినవాళ్లకు అదే హాయి. గుహల పొడవు 3,229 మీటర్లు, చూడనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు. లోపల ఉక్కకు చొక్కా తడిసిపోతుంది, నీళ్లు తాగి దిగండి. అవుకులో చెరువు చూసి ముందుకు సాగిపోయాం. బనగానపల్లెలో పొద్దున్నే బొరుగులతో (మరమరాలతో) చేసే వేడి ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ దొరికితే స్టవ్ బయటికి తీయాలనే అనిపించదు. అసలు ఈ నడకకు బొరుగులే సరైన సరుకు. బరువుండవు, చన్నీళ్లలో తడిపి, నీళ్లు పిండేసి పోపు పెడితే చాలు, గ్యాస్ ఖర్చు చిటికెడు.

యాగంటిలో సత్రాలున్నాయి, గుడిలో అన్నదానం ఉంది. సత్రంలో మిగిలిన గ్యాస్ ఎంతో చూశాం. డబ్బాను బకెట్ నీళ్లలో వదిలితే ఎంత ఖాళీ అయితే అంత పైకి తేలుతుంది. ఇంట్లోనే కొత్త డబ్బా, ఖాళీ డబ్బా తేల్చి గీతలు పెట్టుకుంటే తర్వాత లెక్క సులువు. మాకు సగానికి పైనే మిగిలింది.

ఉగాదికి వెంకటాపురం, నాగలూటి మీదుగా శ్రీశైలం నడిచేవాళ్లకు మాత్రం ఇందులో ఏ స్టవ్వూ అక్కర్లేదు. అది పులుల అభయారణ్యం, ఎండాకాలం మొదట్లో నల్లమల ఆకు ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఆ రోజుల్లో దారి పొడుగునా భక్తులు అన్నం పెడతారు. సంచిలో నీళ్లు, బొరుగులు, వేయించిన శెనగలు ఉంటే సరిపోతుంది.