తాళాల గుత్తికి చిన్న టార్చి, ఆరు రాత్రుల ప్రయాణం

రైల్లో తెల్లవారుజామున మూడింటికి అమ్మ నన్ను తట్టి లేపింది. బాత్రూంకి వెళ్దామని లేచి చెవి మిషన్ పెట్టుకోబోతే చేయి జారి కింద పడిందట. బోగీ అంతా గాఢనిద్రలో ఉంది. ఎదుటి బెర్తులో చంటిపిల్ల ఒంటిగంట దాకా ఏడ్చి ఏడ్చి అప్పుడే పడుకుంది. పెద్ద లైటు వెయ్యడానికి నాకు మనసొప్పలేదు. ఫోనేమో పై బెర్తులో తమ్ముడి తల దగ్గర చార్జింగ్‌లో ఉంది.

జేబులోంచి తాళాల గుత్తి తీసి, దానికి వేలాడే టార్చి తల కొంచెం తిప్పాను. మొదటి మెట్టులో అది ఒక్క ల్యూమెన్ (టార్చి ఇచ్చే వెలుగుని కొలిచే లెక్క) కూడా ఇవ్వదు. అగ్గిపుల్ల వెలుగంత కూడా ఉండదు. పైనుంచి వేసి చూస్తే సీటు కింద చెప్పులు, బ్యాగుల చక్రాలు తప్ప ఏమీ కనబడలేదు. అప్పుడు మోకాళ్ల మీద కూర్చుని, టార్చిని నేలకి ఆనించి పెట్టాను. వెలుగు నేలని రాసుకుంటూ పోయింది. అలా పెడితే ఇసుకరేణువుకి కూడా పొడుగు నీడ పడుతుంది. ఆ గోడవార, బ్యాగు చక్రం వెనకాల, చిక్కుడుగింజంత నీడ ఒకటి కనబడింది. అదే చెవి మిషన్. అమ్మకి అది లేకపోతే ప్రయాణమంతా మూగసినిమానే. దొరికేసరికి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. చంటిపిల్ల కదల్లేదు.

ఈ ప్రయాణం గురించి రాయాలనుకున్నప్పుడు ముందు ఆ మూడింటి నీడే గుర్తొచ్చింది. ఆరు రాత్రులు, ఒక రైలు, ఒక హోటల్, కొండ మీద ఒక కాటేజీ, ఒక గుహ, తిరుగు బస్సు. ప్రతిచోటా ఏదో ఒక వేళ చీకటి ఎదురైంది. ఆ చీకట్లో ఎవరు మమ్మల్ని ఎలా చూసుకున్నారన్నదే నా లెక్కలో ఆ చోటుకి వేసే మార్కు.

రైలు సంగతి చెప్పేశాను. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, టైముకే చేరింది. మా బెర్తు దగ్గర చదువుకునే లైటు మాత్రం వెలగలేదు.

హోటల్లో గదికి వెళ్లగానే నేను చేసే పని ఒకటుంది. బ్యాగు నేల మీద పెట్టకుండా బాత్రూంలో గట్టు మీద పెట్టి, పరుపు మూలల దగ్గర దుప్పటి లేపి, కుట్టు వెంబడి టార్చి వేసి చూస్తాను. నల్లులు ఉంటే ఆ కుట్ల మడతల్లోనే ఉంటాయి. కనీసం ఇంకు చుక్కల్లాంటి మచ్చలైనా కనబడతాయి. గది లైటు ఎంత పెద్దదైనా ఆ మడతలోకి దూరదు. తర్వాత గదిలో దీపాలన్నీ ఆర్పి, టార్చిని కంటి పక్కన పెట్టుకుని, పొగ పసిగట్టే డబ్బా, గడియారం, చార్జర్ల వైపు మెల్లగా తిప్పుతాను. కెమెరా కన్ను ఎక్కడన్నా దాగి ఉంటే సూదిమొనంత మెరుపు తిరిగొస్తుంది. అన్నిటినీ ఇలా పట్టుకోలేం గానీ రెండు నిమిషాల పనే కాబట్టి మానను. ఈ గదిలో ఏమీ లేవు. పరుపు బాగుంది, నీళ్లు వేడిగా వచ్చాయి, వీధి చప్పుడు వినబడలేదు. ఒక రాత్రి హాయిగా నిద్రపట్టింది.

రెండో రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. మేం నాలుగో అంతస్తులో ఉన్నాం. గది కన్ను పొడుచుకున్నా కానరానంత చీకటి. ఏసీ ఆగింది, కిటికీ తెరుచుకోని రకం, ఊపిరాడనట్టయింది. కిందికి వెళ్దామని తలుపు తీస్తే వరండా ఇంకా చీకటి. లిఫ్టు లేదు. మెట్ల దగ్గర ఎమర్జెన్సీ లైట్ల పెట్టెలు గోడకి ఉన్నాయి, ఒక్కటీ వెలగలేదు. అమ్మకి మోకాళ్ల నొప్పి. ఒక చేత్తో రెయిలింగ్, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుంది. నాకేమో ఒక చేయి ఆవిడ నడుము చుట్టూ, ఇంకో చేతిలో మందుల సంచి. ఫోను పట్టుకుందామన్నా మూడో చెయ్యి లేదు. ఆ టార్చికి ఉన్న క్లిప్పుని చొక్కా జేబు అంచుకి గుచ్చాను. వెలుగు నేరుగా మా కాళ్ల ముందున్న రెండు మెట్ల మీద పడింది. రెండు చాలు. అలా రెండేసి చూసుకుంటూ నాలుగు అంతస్తులు దిగాం. వెనక ఇంకో కుటుంబం మా వెలుగు పట్టుకునే దిగింది.

ఫోనులో లైటుంది కదా, వేరే టార్చి ఎందుకని చాలామంది అడుగుతారు. ఆ మెట్ల మీద తమ్ముడి ఫోనే వాళ్లకి నా జవాబు. వాడి దాంట్లో తొమ్మిది శాతం చార్జి ఉంది. అది కాస్తా లైటుకి పోతే రిసెప్షన్‌కి ఫోను ఎలా చెయ్యాలి, అవసరమైతే అంబులెన్సుకి ఎలా చెయ్యాలి? మనకి ఇబ్బంది వచ్చిన రోజునే ఫోను మాట్లాడటానికి, దారి చూపడానికి, డబ్బు కట్టడానికి, అన్నిటికీ కావాల్సొస్తుంది. ఇంత పని ఉన్నదాన్ని చీకట్లో మెట్ల మీద చేత పట్టుకుని, జారవిడిచి, అద్దం పగలగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. టార్చి పడితే తీసుకుని తుడుచుకుంటాం, అంతే.

కింద రిసెప్షన్ అబ్బాయి మర్యాదగా కుర్చీలు వేశాడు, నీళ్లిచ్చాడు. అరగంటకి కరెంటొచ్చింది. పొద్దున మేనేజర్ని కలిసి మెట్ల లైట్ల సంగతి అడిగాను. "బ్యాటరీలు పాడయ్యాయి మేడమ్, మార్పించాలి" అన్నారు. ఎన్నాళ్లయిందంటే సమాధానం రాలేదు. గది బాగుందని, మనుషులు మంచివాళ్లని నేను రాయగలను. కానీ పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు కింది అంతస్తులో గది అడగండి. గదిలోకి వెళ్లగానే తలుపు నుంచి మెట్ల దాకా ఎన్ని తలుపులున్నాయో ఒకసారి లెక్కపెట్టుకోండి. నేను ఇప్పుడు ఎక్కడికెళ్లినా లెక్కపెడుతున్నాను.

కొండ మీది కాటేజీ దీనికి పూర్తిగా వేరు. అక్కడ చీకటి ఉంటుందని ముందే చెప్పారు. దిగగానే ఆ ఇంటి పెద్దాయన, "రాత్రి పదింటికి జనరేటర్ ఆపేస్తామమ్మా. ప్రతి గుమ్మం దగ్గరా లాంతరు ఉంటుంది. దారికి మాత్రం మీ లైటు మీరు చూసుకోవాలి" అన్నారు. సదుపాయాలు హోటల్లో సగం కూడా లేవు. గోడకి తేమ మరక, బకెట్లో నీళ్లు, తలుపు గడియ కొంచెం బిగుతు. అయినా నా మార్కులు దీనికే ఎక్కువ. లేనిదాన్ని లేదని చెప్పారు, ఉందన్నది ఉంది. లాంతరు రోజూ సాయంత్రం తుడిచి, వెలిగించి మరీ పెట్టారు.

భోజనాల హాలు నుంచి మా కాటేజీకి రాళ్లు పరిచిన దారి, నూటయాభై అడుగులుంటుంది. మొదటి రాత్రి తమ్ముడు తన పెద్ద టార్చి తెచ్చాడు, వెయ్యి ల్యూమెన్లది. వాడు దాన్ని వెలిగించగానే చెట్లు, గోడలు, ఎదురొచ్చేవాళ్ల ముఖాలు అన్నీ తెల్లబడిపోయాయి. ఆర్పగానే అందరికీ కళ్ల ముందు చీకటి ముద్ద. "అక్కా, కాసేపు ఆగు, ఏం కనబట్టం లేదు" అని వాడే నా చెయ్యి పట్టుకున్నాడు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్క పెద్ద వెలుగు తగిలితే ఆ అలవాటంతా పోయి మళ్లీ మొదటికి వస్తుంది. దూరంగా ఉన్న లోయని చూడాలంటే వాడి టార్చే కావాలి, కాదనను. అడుగు ముందున్న రాయిని చూడటానికి అంత అక్కర్లేదు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. అదే దగ్గరి వస్తువుకైతే చిన్న దీపం కూడా ధారాళంగా సరిపోతుంది.

రెండో రాత్రి వాడు పెద్దది గదిలోనే వదిలేశాడు. నా టార్చిని అతి తక్కువలో పెట్టి నడిచాం. మెల్లమెల్లగా చుక్కలు కనబడటం మొదలైంది, తర్వాత ఆకాశంలో తెల్లటి మసక చార కూడా. దారి పక్క గడ్డిలో మంచుబిందువుల్లా ఆకుపచ్చగా ఏవో మెరుస్తున్నాయి. అమ్మ మంచే అనుకుంది. వంగి చూస్తే సాలీళ్ల కళ్లు! టార్చిని కణత దగ్గర పెట్టుకుని చూస్తేనే అవి మెరుస్తాయి, ఎందుకంటే వెలుగు వచ్చిన దారినే తిరిగి వెళ్తుంది. అమ్మ అక్కడే పావుగంట నిలబడిపోయింది. మోకాళ్ల నొప్పి గుర్తు రాలేదు ఆవిడకి.

గుహకి గైడు ఉన్నాడు, లోపల కరెంటు దీపాలున్నాయి, ఏర్పాట్లు చక్కగా ఉన్నాయి. మధ్యలో ఒకచోట అందర్నీ నిలబెట్టి, చెప్పి మరీ దీపాలన్నీ ఆర్పించాడు. అరచెయ్యి ముక్కుకి ఆనించుకున్నా కనబడలేదు. ఇంటి చీకట్లో ఎక్కడో ఒక సందులోంచి కొంచెం వెలుగొస్తూనే ఉంటుంది, ఇక్కడ అదీ లేదు. గుహల్లో తిరగడమే పనిగా పెట్టుకున్నవాళ్లు మనిషికి కనీసం మూడు దీపాలు ఉండాలంటారు. ఎందుకో ఆ ఒక్క నిమిషంలో అర్థమైంది. వచ్చేటప్పుడు మెట్లు తడిగా ఉన్నాయేమోనని టార్చి ఏటవాలుగా వేస్తే తడి ఉన్నచోట తళుక్కుమంది. గైడు గబ్బిలాల మీద వెయ్యొద్దన్నాడు. వెయ్యలేదు.

నా టార్చి గురించి అడిగినవాళ్ల కోసం కొన్ని మాటలు. ఒక్క ట్రిపుల్ ఏ సెల్లుతో నడిచేది, చిటికెన వేలికన్నా కొంచెం పొడుగు. బొత్తం సెల్లులతో నడిచేవి ఇంకా చిన్నగా, బరువే తెలియకుండా ఉంటాయి. ఏ టార్చీ లేకపోవడం కన్నా అవి వెయ్యి రెట్లు నయం. కానీ చంటిపిల్లలున్న ఇంట్లో ఒక జాగ్రత్త. సీఆర్2032 లాంటి లిథియం బొత్తం సెల్లుని పిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోయేంత ప్రమాదం. స్క్రూతో బిగించిన మూత ఉన్నదే కొనండి, వాడేసిన సెల్లుని కూడా అందకుండా పెట్టండి.

మామూలు ఆల్కలైన్ సెల్లుని నెలల తరబడి లోపల మరిచిపోతే కారుతుంది. నా మొదటి టార్చి అలాగే పోయింది. అవసరమై తిప్పితే తిరగలేదు, మరలో తెల్లటి పొక్కు గట్టిగా పట్టేసింది. చాలా బాధపడ్డాను దానికి. ఇప్పుడు 1.5 వోల్టుల లిథియం ట్రిపుల్ ఏ వేస్తున్నాను. తేలిగ్గా ఉంటుంది, ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది, కారడం చాలా అరుదు. చార్జింగ్ టార్చిలు కూడా మంచివే, కానీ నెలకోసారి గుర్తుపెట్టుకుని చార్జి చేసేవాళ్లకి. విమానంలో వెళ్లేటప్పుడు విడి లిథియం సెల్లులు చేతిసంచిలోనే ఉండాలి, చెకిన్ బ్యాగులో పెట్టకూడదు. నీళ్ల విషయానికొస్తే ఐపీఎక్స్4 అంటే చిందే నీళ్లకి తట్టుకుంటుంది, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతులో అరగంట ఉన్నా పాడవదు. పెట్టె మీద ఎన్ని గంటలు వెలుగుతుందని రాసినా అది మామూలుగా మొదటి వెలుగు పదో వంతుకి పడిపోయేదాకా లెక్క. చివరి గంటల్లో ఆ వెలుగు బాగా మందగించి ఉంటుంది.

అందరూ ల్యూమెన్లే చూస్తారు. రంగు సంగతి చూడరు. తెల్ల ఎల్‌ఈడీ నిజానికి నీలి ఎల్‌ఈడీయే, దాని మీద పసుపు పూత ఉంటుంది. బాగా వెలుగునిచ్చే ఆ నీలి ఎల్‌ఈడీ కనిపెట్టిన అకాసాకి, అమానో, నకమురాలకి 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. చవకరకం టార్చిల్లో ఆ నీలమే ఎక్కువై రంగులు చచ్చిపోతాయి. అమ్మ మాత్రల్లో ఒకటి తెలుపు, ఒకటి లేత పసుపు. పాత టార్చి వెలుగులో రెండూ ఒకటే. ఒకసారి తెల్లదానికి బదులు పసుపుది వెయ్యబోయాను, టెన్షన్‌తో చెమటలు పట్టాయి. అందుకే ఈసారి సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే అంకె, వందకి) 90 దాటినది వెతికి కొన్నాను. కొంచెం వెలుగు తగ్గినా పసుపు పసుపులాగే కనబడుతుంది. హోటల్లో కరెంటు లేని ఆ అరగంటలో అమ్మకి మాత్ర దీని వెలుగులోనే ఇచ్చాను.

తిరుగు బస్సు సర్వీసు నాకు నచ్చలేదు. సీట్లు పర్వాలేదు, డ్రైవర్ జాగ్రత్తగా నడిపారు. కానీ తెల్లవారుజామున నాలుగింటికి మమ్మల్ని దీపం లేని రోడ్డు పక్కన దింపి, డిక్కీ తెరిచి, "తొందరగా తీసుకోండి" అన్నారు. లోపల నల్లటి బ్యాగులు పదిహేను. మాదానికి కట్టిన మెరూన్ రిబ్బను టార్చి వెయ్యగానే కనబడింది. మా వెనక ఒకాయన తన బ్యాగు కోసం తడుముకుంటుంటే ఆయనకీ వెలుగు పట్టుకున్నాను. ప్రయాణికుల్ని చీకట్లో దింపే బస్సువాళ్లు డిక్కీలో ఒక్క బల్బు పెట్టించలేరా?

ఇంటి గేటు దగ్గర వీధి దీపం కూడా వెలగడం లేదు. తాళంచెవి, టార్చి ఒకే గుత్తికి ఉంటే తాళం తీసేటప్పుడు వెలుగు అటూ ఇటూ ఊగి, తాళం కన్నం మీద తప్ప అన్నిచోట్లా పడుతుంది. అందుకే మధ్యలో నొక్కితే విడిపోయే చిన్న కొక్కెం పెట్టించాను. టార్చిని విడదీసి అమ్మ చేతికిచ్చాను. ఆవిడ రెండు చేతులతో కదలకుండా పట్టుకుంది, నేను తాళం తీశాను.