పొడుల వ్యాపారానికి ఎనిమిది అంగుళాల చేతి సీలింగ్ మిషన్: తొమ్మిది నెలల వాడకం తరువాత

గుంటూరులోని మా అద్దె ఇంటి వంటగదిలో కందిపొడి, కరివేపాకు కారం, నల్లకారం చేసి అమ్మాలనుకొన్నప్పుడు మేము పక్కన పెట్టుకోగలిగిన సొమ్ము 6,000 రూపాయలు. మిక్సీ ఇంట్లోనే ఉన్నది. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్‌కు ఏడాదికి 100 రూపాయలు కట్టి 14 అంకెల నంబరు తీసుకొన్నాము. సరుకులు, కవర్లు, గ్రాముల లెక్క చూపే కాటా కొనగా మిగిలినదానిలో 950 రూపాయలు పెట్టి ఈ సీలింగ్ మిషన్ తెచ్చుకొన్నాము.

అంతకుముందు రెండు వారాలపాటు కవరు మూతిని రంపపు బ్లేడు మీదుగా మడిచి, కొవ్వొత్తి మంట అంచున నడిపి అతికించేవాళ్లము. చూపుకు అతుకు బాగానే ఉండేది కానీ, కిరాణా కొట్టులో ఉంచిన ఇరవై పొట్లాలలో ఏడు చెమ్మ తగిలి గడ్డకట్టి తిరిగి వచ్చాయి. వాటిలో రెండింటి తప్పు అతుకుది కాదని, పొడి పూర్తిగా ఆరకముందే కట్టిన మా చేతులదని తరువాత తెలిసింది.

ఈ మిషన్ పిడి నొక్కినప్పుడు మాత్రమే కరెంటు తీసుకొంటుంది. ప్లాస్టిక్ అంటుకోని టెఫ్లాన్ గుడ్డ కింద ఉన్న నైక్రోమ్ తీగ క్షణంలో వేడెక్కి కవరు రెండు పొరలను కరిగించి కలుపుతుంది. వేడెక్కుతున్నంతసేపు వెలిగే మిషన్ మీది చిన్న దీపం ఆరిన వెంటనే పిడి ఎత్తకుండా మరో రెండు మూడు క్షణాలు అదిమి ఉంచితేనే కరిగిన ప్లాస్టిక్ చల్లారి గట్టిపడుతుంది. పెట్టెలో వచ్చిన కాగితంలో ఈ ముక్క లేకపోవడం వల్ల మొదటి రోజు పదిహేను కవర్ల దాకా పాడుచేసుకొన్నాము. వేడి ఎంతసేపు ఉండాలో నిర్ణయించే మీటపై 1 నుండి 8 వరకు అంకెలు ఉన్నాయి. మా పలుచని కవర్లకు 3 సరిపోయింది, మందపాటి కవర్లకు 5 దాకా తిప్పవలసి వచ్చింది. అతుకు సరిగా పడినదో లేదో తెలుసుకోవడానికి, గాలి నింపి సీలు వేసిన ఖాళీ కవరును బకెట్ నీటిలో ముంచి నొక్కి చూడడం మా పద్ధతి. బుడగ వస్తే అంకె మార్చుకొంటాము.

అయితే మూతి దగ్గర పొడి రేణువులు అంటి ఉంటే ఎంత వేడి పెట్టినా అతుకు నిలవదు. చింతపండు, వెల్లుల్లి పడిన నల్లకారం కవరుకు మరీ అంటుకొంటుంది కనుక, దళసరి కాగితాన్ని గరాటులా చుట్టి దాని గుండా పోసి, మూతిని పొడిగుడ్డతో తుడిచిన తరువాతనే నొక్కుతున్నాము.

ఇక లోపాల సంగతి. తీగ ఆగకుండా పనిచేస్తే దాని కింది కడ్డీ వేడి నిలవచేసుకొని, నలభయ్యో కవరు దాటాక అదే అంకె మీద అంచులు కాలిపోతాయి; అప్పుడు ఒక అంకె తగ్గించడమో, పది నిమిషాలు ఆపడమో చేయాలి. మూడో నెలలో గుడ్డ మాడి తీగ తెగింది. అమ్మిన దుకాణానికి బిల్లుతో వెళితే, తీగకు వారంటీ వర్తించదని అన్నారు. కొనేటప్పుడు మాత్రం ఏడాదిపాటు అన్నింటికీ హామీ అన్న మాట మాకు బాగా గుర్తున్నది. అదృష్టవశాత్తు పెట్టెలోనే ఒక తీగ, ఒక గుడ్డ అదనంగా ఉన్నాయి. ప్లగ్గు తీసి, మరలు విప్పి మార్చుకోవడానికి పావుగంట పట్టింది. పైతొడుగు ఇనుముది కావడం మాత్రం మేలైంది. ప్లాస్టిక్ తొడుగుది 150 రూపాయలు తక్కువకే వచ్చేది కానీ, నొక్కినప్పుడు కదలుతుండటం చూసి వద్దనుకొన్నాము.

పచ్చళ్లకు దీనిని నమ్మి కొనవద్దు. నూనె మూతికి తగిలితే పొరలు కలవవు, కలిసినట్లు కనిపించినా సంచిలో బరువు పడగానే విచ్చుకొంటాయి. ఆవకాయ ఆర్డరు వచ్చినప్పుడు మేము మూత బిగించే సీసాలనే వాడాము. లోపల రేకు పొర ఉన్న దళసరి కవర్లకు కూడా ఇది బొటాబొటిగానే పనిచేస్తుంది. ఒక వైపు నొక్కి, తిప్పి రెండో వైపు మళ్లీ నొక్కవలసి వచ్చింది.

రోజుకు యాభై, అరవై పొట్లాల లోపు పొడులు కట్టేవారికి ఈ ధరలో ఇది సరిపోయే పరికరమే. కొనేటప్పుడు తీగ, గుడ్డ విడిగా దొరుకుతాయా అని అడిగి, మరొక జత అప్పుడే తీసుకోవడం మంచిది. ఆర్డర్లు పెరిగాక మేము వెడల్పు అతుకు పడే పన్నెండు అంగుళాల మిషన్ కొన్నాము. పాతది ఇప్పుడు 50 గ్రాముల పొట్లాలకు వాడుతున్నాము.