షుగర్, బీపీ, బొజ్జ ఉన్నవాళ్ల దగ్గర స్టాప్-బ్యాంగ్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

విజయనగరంలో షుగర్, బీపీ రోగులు ఎక్కువగా వచ్చే క్లినిక్‌లో నర్సుని. బీపీ చూశాక, డాక్టరు గారి గదిలోకి పంపేలోపు స్టాప్-బ్యాంగ్ ప్రశ్నలు అడగడం కొన్నేళ్లుగా నా పని. నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే జబ్బు, అంటే స్లీప్ ఆప్నియా, ఉందేమో పసిగట్టడానికి, ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ల కోసం 2008లో టొరంటోలో తయారైన ప్రశ్నావళి ఇది. గురక, పగటి అలసట, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 35 దాటిందా, వయసు 50 దాటిందా, మెడ కొలత 40 సెంటీమీటర్లు దాటిందా, మగవారా. అవునన్న ప్రతిదానికీ ఒక మార్కు. 3 వస్తే అనుమానించాలి, 5 ఆపైన వస్తే ముప్పు ఎక్కువ. టేపు తప్ప ఖర్చేమీ లేదు.

దీని ప్రాణమంతా ఊపిరి ప్రశ్నలోనే ఉంది. రోగిని ఒక్కడినే అడిగితే లాభం లేదు, బయట బెంచీ మీదున్న భార్యని పిలవాలి. గజపతినగరం వైపు నుంచి వచ్చే ఒక లారీ డ్రైవరు గురకే లేదన్నాడు. ఆవిడేమో, "గుర్రెడతానే ఉండి ఒక్కపాలి ఆగిపోతాడమ్మా. ఊపిరాడతందో లేదోనని ముక్కు కాడ సెయ్యెట్టి సూస్తాను" అంది. అతనికి మూడు రకాల మాత్రలు వేసినా బీపీ దిగేది కాదు. విశాఖలో నిద్ర పరీక్ష చేయిస్తే, ఊపిరి ఆగడమో సన్నగిల్లడమో గంటకు 30 సార్లు దాటింది. అది తీవ్రమైన స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు మూసుకుపోకుండా గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ మాస్కు పెట్టుకున్నాక స్టీరింగ్ దగ్గర కునుకు పోయింది, బీపీ కొంత దిగింది. షుగర్‌కి మాత్రం మాత్రలూ పథ్యమూ తప్పలేదు.

నాకు నచ్చనిది బీఎంఐ 35. మనవాళ్లకి 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి బొజ్జ మాత్రం ముందుకొచ్చిన మనిషికి ఆ మార్కు పడదు. బొజ్జ, బీపీ, షుగర్, రక్తంలో కొవ్వు లాంటివి కలిసి వచ్చే మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో మా దగ్గరికొచ్చేది ఎక్కువగా ఆ ఒళ్లే. అందుకే నడుము కూడా కొలుస్తాను. మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు చేరి, షుగరూ, రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వూ ఎక్కువుంటే, స్కోరు 2 వచ్చినా డాక్టరు గారికి విడిగా చెప్తాను.

ఆడవాళ్ల దగ్గర ఈ ప్రశ్నలు ఇంకా తేలిపోతాయి. ఒక మార్కు ముందే పోతుంది, గురక ఉందని నలుగురిలో ఒప్పుకోరు. పొద్దున్నే తలనొప్పి, నీరసం అంటారు. అదంతా ఇంటి చాకిరీ ఖాతాలో పడిపోతుంది. వాళ్లని పక్కగదిలో కూర్చోబెట్టి అడుగుతాను.

ఎక్కువ మార్కులొచ్చిన అందరికీ జబ్బు ఉండదు. పరీక్షలో ఏమీ లేదని తేలి, డబ్బులు దండగయ్యాయని బాధపడ్డవాళ్లున్నారు. అయినా వాడమనే చెప్తాను. ముఖ్యంగా నిద్ర చాలట్లేదని మాత్ర అడిగేవాళ్లకి ముందు ఈ ప్రశ్నలు వేయాలి. ఆప్నియా ఉంటే కొన్ని నిద్రమాత్రలూ, రాత్రి పూట మద్యం తాగడమూ దాన్ని ఇంకా ముదరబెడతాయి.