దక్కన్ హార్స్ షెర్మన్: 1/35 కిట్టుపై సమీక్ష

నిజాం అశ్వదళం నుంచి పుట్టిన భారత సైన్యపు ట్యాంకు దళం దక్కన్ హార్స్ 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ వద్ద పాకిస్థాన్ ప్యాటన్ ట్యాంకులను ఎదుర్కొన్నది షెర్మన్ ట్యాంకులతోనే కనుక, హైదరాబాదులో డయోరమా (యుద్ధ దృశ్యపు చిన్న నమూనా) కట్టదలచిన వారికి, షెర్మన్‌లో ఒక రకమైన 76 మి.మీ. ఫిరంగి గల ఎం4ఎ1ను అసలు కొలతలో 35వ వంతుకు ప్లాస్టిక్ భాగాలతో కూర్చే కిట్టు కంటే సముచితమైనది నాకు కనిపించదు. సికింద్రాబాదులోని దుకాణంలో నేను కొన్న ఈ జపాను కిట్టులో భాగాలు చక్కగా అతుకుతాయి. పూర్తయిన ట్యాంకు ఫిరంగితో కలిపి దాదాపు జానెడు పొడవుంటుంది.

ఎం4ఎ1 పై భాగం పోతపోసిన ఉక్కు. దాని గరుకుదనం ప్లాస్టిక్కులో తగినంత లేదు. పలుచని జిగురు పూసి, అది మెత్తబరిచిన ఉపరితలంపై బిరుసు కుంచెతో నిలువుగా పొడిస్తే ఆ లోపం తీరుతుంది. సూచనల పుస్తకం ఈ మాటే ఎత్తదు. ట్రాకులు (చక్రాల చుట్టూ తిరిగే గొలుసులు) మెత్తని వినైల్ పట్టీలు. పై చక్రాల మధ్య అవి సహజంగా కుంగినట్లు కనిపించవు గానీ, బురదలో దించితే ఆ తేడా ఎవరికీ పట్టదు.

నీరు నిండిన చెరకు పొలాలే ఆ యుద్ధంలో ప్యాటన్లను కట్టిపడేశాయి. అందుకే పీఠంపై ఎపాక్సీ నీటిని (గట్టిపడ్డాక నీటిలా కనిపించే పారదర్శక ద్రవాన్ని) పలుచని పొరలుగా పోయాలి, చెరకు ఆకులను కాగితంతో కత్తిరించాలి. మన ఎర్రమట్టి మాత్రం జల్లెడ పట్టి వాడినా సరిపోదు, పంజాబు ఒండ్రుమట్టి రంగు వేరు. వానాకాలపు తేమలో మ్యాట్ వార్నిష్ స్ప్రే చేస్తే తెల్లగా మసకబారుతుంది కాబట్టి, ఆ పనిని పొడి రోజుకు వాయిదా వేయడం మేలు.