కయాక్ కిట్ కొంటున్నారా? మెరైన్ ముద్రను నమ్మకండి, ముందు ఒక ముక్క ఉడకబెట్టండి

ఇంట్లోనే చెక్క సీ కయాక్ (సముద్రంలో తెడ్డుతో నడిపే సన్నటి పడవ) కట్టుకుందామని ప్లైవుడ్ కిట్ ఆర్డర్ పెట్టబోతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇలా అమ్మేది వాళ్లొక్కరే అయి ఉంటారని నాకు నమ్మకం లేదు కాబట్టి, సరుకును ఎలా పట్టుకోవాలో చెప్పడమే ఎక్కువ ఉపయోగం.

నేను తీసుకున్నది స్టిచ్ అండ్ గ్లూ కిట్. ముందే కోసిన 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు, వాటి అంచుల్లో రంధ్రాలు చేసి కుట్టడానికి రాగి తీగ, అతకడానికి ఎపాక్సీ జిగురు, పైన పరవడానికి గ్లాస్ క్లాత్ (గాజు నారతో నేసిన గుడ్డ). తయారైతే 17 అడుగుల పడవ. ప్రకటనలో ‘ఒకుమే మెరైన్ ప్లై, బీఎస్ 1088’ అని రాశారు. వచ్చిన పలకల మీద కూడా నీలం సిరాతో అదే ముద్ర. ఒకుమే అంటే ఒక రకం తేలికైన చెక్క. బీఎస్ 1088 అనేది మెరైన్ ప్లైవుడ్‌కి ఉన్న బ్రిటిష్ ప్రమాణం. దాని ప్రకారం పొరల మధ్య జిగురు మరిగే నీళ్లకి కూడా తట్టుకోవాలి, లోపలి పొరలో ఖాళీలు వదలకూడదు. కానీ ముద్ర ఎవరైనా కొట్టుకోవచ్చు. ఏ మిల్లులో తయారైందో, ఎవరు పరీక్షించారో చెప్పే సర్టిఫికెట్ చూపించకపోతే ఆ 1088 కూడా ప్రకటనలో భాగమే.

పైకి పలకలు ముచ్చటగానే ఉన్నాయి. పక్క పలకను తీగలతో బిగిస్తూ ముందు కొస వైపు వంచుతుంటే బయటపడింది అసలు సంగతి. సాఫీగా రావాల్సిన ఒంపు ఒకచోట టక్కుమని మడత పడింది. దగ్గరగా చూస్తే పైపొర మీద సన్నటి పగులు. అక్కడ పలక అంచు చూస్తే మధ్య పొరలోని రెండు ముక్కలు ఒకదాన్నొకటి తాకనేలేదు. ఆ సందులోకి బ్లేడు మొన అడ్డేమీ లేకుండా దిగిపోయింది.

4 మిల్లీమీటర్ల ప్లైలో ఉండేవే మూడు పొరలు. మధ్యది లేనిచోట మిగిలేది పల్చటి రెండు పైపొరలే. ‘గ్లాస్ వేస్తారు కదండీ, ఏం కాదు’ అన్నారు అమ్మినవాళ్లు ఫోన్లో. గ్లాస్ బలం ఇచ్చే మాట నిజమే. అయితే రాళ్ల ఒడ్డున ఒక్కసారి ఈడ్చినప్పుడు లోతుగా గీసుకుపోయి నీరు లోపలికి చేరితే, ఆ ఖాళీ వెంబడే పాకుతుంది. పైన ఎపాక్సీ ఉంది కాబట్టి త్వరగా ఆరదు కూడా. ఒకుమే తేలికని అందరూ ఇష్టపడతారు గానీ, కుళ్లు తట్టుకోవడంలో అది గట్టి చెక్కేమీ కాదు.

అప్పుడు మిగులు ముక్క ఒకటి పాత గిన్నెలో వేసి మరిగించాను (వంట గిన్నె వాడకండి). మామూలుగా కొన్ని గంటలు మరిగించి, పూర్తిగా ఆరబెట్టి, మళ్లీ మరిగించి చూస్తారు. నా ముక్క రెండో వాయి దాకా రాలేదు, ఉల్లిపొరల్లా విడిపోయింది. ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన అసలు సరుకని తేలిపోదు. ఓడిపోతే మాత్రం ఇక అనుమానం అక్కర్లేదు.

ఎపాక్సీదీ అదే కథ. రెజిన్, హార్డెనర్ అని రెండు ద్రవాలుగా వస్తుంది, సరైన పాళ్లలో కలిపితేనే గట్టిపడుతుంది. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు లేని సీసాలు. మూత మీద మార్కర్‌తో ‘2:1’ అని ఉంది, అది కప్పు కొలతలోనా బరువులోనా అన్నది లేదు. రెజిన్, హార్డెనర్ సాంద్రతలు వేరు కాబట్టి రెండూ ఒకటి కావు. అడిగితే కొలత అన్నారు. అలాగే కలిపి పెట్టిన కప్పు వెచ్చటి గదిలో రోజులు గడిచినా గోరు నొక్కితే గుంట పడుతూనే ఉంది. ఒక మాట, న్యాయంగా చెప్పాలి: హార్డెనర్ ఎర్రబడిందనో, రెజిన్‌లో పంచదార పలుకుల్లాంటివి కనిపించాయనో గొడవ పడకండి. మొదటిది రంగు మార్పే, రెండోది సీసాను వేడినీళ్లలో పెడితే కరిగిపోతుంది. గ్లాస్ క్లాత్ మాత్రం బాగుంది. వేరే ఎపాక్సీతో తడిపి చూస్తే తెలుపంతా పోయి చెక్క స్పష్టంగా కనిపించింది.

అసలు టెన్షన్ వాపసు దగ్గర. ‘ఎక్కువ వంచేశారు’ అన్నారు, తర్వాత ‘మీ గదిలో తేమ’ అన్నారు, చివరికి ‘రంధ్రం చేసిన పలక తీసుకోం’ అని తేల్చారు. ఫిర్యాదుకు గడువు పలకలు అందిన రోజు నుంచి లెక్క. తీగ, ఎపాక్సీ వేరే పార్సిల్‌లో, ఆ గడువు దాటాక వచ్చాయి. పని మొదలుపెట్టేసరికే మీ హక్కు అయిపోతుంది. ఇది యాదృచ్ఛికం అనుకోవడం నాకైతే కష్టంగా ఉంది.

కాబట్టి ఆర్డర్‌కి ముందు అదే షీటు నుంచి తీసిన మిగులు ముక్క అడగండి. ఇవ్వనంటే అక్కడితో వదిలేయండి. లోపలి ఖాళీలు బయటపడితే రంధ్రాలు చేశాక కూడా మార్చి ఇస్తామని రాతపూర్వకంగా తీసుకోండి. ఎపాక్సీ తయారీదారు సీలు చేసిన డబ్బాలోనే రావాలి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. డ్రిల్లు పట్టేముందే ప్రతి పలకను వేలి కణుపుతో తట్టి చూడండి, డొల్ల శబ్దం వచ్చినచోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి, ఆపైన మెల్లగా వంచి చూడండి. ఓపిక ఉంటే డిజైన్ ప్లాను మాత్రం కొనుక్కుని, ప్లై ఒకచోట, ఎపాక్సీ ఒకచోట తీసుకోవడం నా దృష్టిలో మేలు. ఈ పనిలో పలకలు కోయడం అన్నింటికంటే తేలికైన భాగం, దానికోసం కిట్‌కి అంత పోయనక్కర్లేదు.

నేను కార్డుతో కట్టాను గనుక బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను, ఇంకా తేలలేదు. విడిపోయిన ముక్కను ముద్ర కనబడేలా ఫొటో తీసి పంపమన్నారు. మీకూ ఇలాగే జరిగితే ఆ ముక్కలు పారేయకండి.