ఫ్లోరెన్స్: గైడు దాటేసిన చిత్రం, అక్క చదివిన చిత్రం

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఉన్న చిత్రాల మ్యూజియం, ఉఫీజీ గ్యాలరీ టికెట్ 25 యూరోలు, ముందే బుక్ చేసుకుంటే ఇంకో 4. దానికి బాధ లేదు. మనిషికి 45 యూరోలు పోసి మాట్లాడుకున్న గైడు మీదే నా ఏడుపంతా. క్రైస్తవ చిత్రాల్లోని సంకేతాలు విడమరిచి చెప్తానన్న పెద్దమనిషి, బొత్తిచెల్లి గీసిన వీనస్ దేవత దగ్గర అందరినీ ఫొటోలు తీసుకోమని వదిలేశాడు. లియొనార్డో గీసిన దేవదూత దగ్గర "చేతిలో లిల్లీ పువ్వు, అంటే పవిత్రత" అని ఒక్క ముక్క అని వాచీ చూసుకున్నాడు.

హ్యూగో వాన్ డెర్ గూస్ గీసిన క్రీస్తు జననం దగ్గర అసలు ఆగనే లేదు. ఫ్లోరెన్స్‌లోని మెడిచి కుటుంబపు బ్యాంకు తరఫున బెల్జియంలోని బ్రూజ్‌లో ఉన్న పోర్టినారి గీయించిన చిత్రమది, 1483లో ఫ్లోరెన్స్ చేరింది. రెండు పక్కలా తలుపుల్లా ఉన్న రెక్కలు తెరిస్తే దాదాపు ఆరు మీటర్ల వెడల్పు. మా అక్క అక్కడే నిలబడిపోయింది. గైడు విసుక్కుంటే "నువ్వు పదవయ్యా, మేం తర్వాత వస్తాం" అంది. సండే స్కూల్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన మనిషి.

"కింద చూడరా, ఎవరో చెప్పు విడిచేశారు. ఇది పవిత్ర స్థలం, చెప్పులు విడువు అని మండే పొద దగ్గర మోషేకి దేవుడు చెప్పిందే కదా!" నిజమే, మరియమ్మ భర్త యోసేపు ముందు ఒక చెక్క చెప్పు పడి ఉంది. బిడ్డ వట్టి నేల మీద ఉంటే, ముందువైపు గోధుమ పన. "గోధుమంటే రొట్టె. క్రీస్తు శరీరానికి గుర్తుగా చర్చిలో రొట్టె తీసుకునే ప్రభువు బల్ల" అంది. పక్కనే పూలు పెట్టిన గాజు గ్లాసు. వెలుతురు తన గుండా వెళ్ళినా గాజు పగలదు, అది మరియమ్మ కన్యాత్వానికి గుర్తట. ఇది మాత్రం ఆడియో గైడు చెప్పింది.



మర్నాడు సాన్ మార్కో మఠానికి వెళ్ళాం. అక్కడి చిత్రకారుడు ఫ్రా ఆంజెలికో తనూ సన్యాసే. 1440 ప్రాంతంలో తోటి సన్యాసుల గదుల గోడల మీద బొమ్మలు వేశాడు. ఏడో గదిలో కళ్ళకు గంతలతో క్రీస్తు, శిలువకు ముందు సైనికులు ఎగతాళి చేసే ఘట్టం. సైనికులు లేరు, ఉమ్మే తల ఒకటి, కొట్టే చేతులు, అంతే! కథంతా తెలిసిన సన్యాసికి ఆ గుర్తులు చాలు. కింద మరియమ్మ అటు చూడదు, ఆ సన్యాసుల సంఘాన్ని స్థాపించిన డొమినిక్ పుస్తకంలో మునిగి ఉంటాడు. కాళ్ళ నొప్పులని పొద్దున్నుంచీ సణుగుతున్న అక్క ఇక్కడ నోరెత్తలేదు.

ఒక్క పూటే ఉంటే నా ఓటు సాన్ మార్కోకే. మధ్యాహ్నం రెండు లోపే మూసేస్తారు, పొద్దున్నే వెళ్ళండి. ఉఫీజీకి సోమవారం సెలవు.